యాభై దాటాక గిటార్: వేళ్ళ సంగతి తర్వాత, ముందు తీగల ఎత్తు చూడండి

మీరు అడిగినవి మూడు. 53 ఏళ్ళ వయసులో, సంగీతం బొత్తిగా తెలియకుండా, గిటార్ పట్టుకుంటే వేళ్ళు మాట వింటాయా? వైజాగ్‌లో ఉంటూ ఎలా మొదలుపెట్టాలి? ఇంట్లోవాళ్ళు "ఇప్పుడెందుకండీ ఇది" అంటే ఏం చెప్పాలి?

వేళ్ళు మాట వింటాయి. నేను 54లో మొదలుపెట్టాను, అప్పటికింకా బళ్ళో లెక్కల టీచర్ని. చిన్నప్పుడు మా అక్క వీణ నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని విన్న సరళీ స్వరాలు తప్ప నాకు వేరే సంగీతం లేదు. ఇప్పుడు ఇంట్లో నలుగురూ చేరి పాడుకుంటుంటే వాళ్ళ శ్రుతికి సరిపెట్టుకుని వెనకాల వాయించగలను. వేదిక ఎక్కే విద్య కాదిది. నేను కోరుకున్నది మాత్రం సరిగ్గా ఇదే.

మన వయసువాళ్ళు ఆశగా మొదలుపెట్టి కొద్ది వారాల్లో మానేయడం చాలా చూశాను. అడిగితే అందరూ ఒకటే చెబుతారు: "వేళ్ళు నొప్పి, వయసైపోయింది." వాళ్ళ గిటార్ తీసుకుని చూస్తే తీగలు ఫ్రెట్లకి, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలకి, బాగా ఎత్తులో ఉంటాయి. పాతికేళ్ళ కుర్రాడు నొక్కినా నొప్పి పుట్టే వాయిద్యం అది. కుర్రాడు పంతంతో ఓర్చుకుంటాడు, మనం మాత్రం తప్పు వయసు మీదికి తోసేసి అటకెక్కించేస్తాం. నాకు బాధ కలిగించేది ఇదే. అందుకే వేళ్ళ గురించి కంగారు పడకముందు గిటార్‌ని కొలవమంటాను.

స్కేలు తీసుకుని 12వ ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ పైభాగానికీ అన్నిటికన్నా లావు తీగ అడుగుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. స్టీలు తీగల గిటార్ అయితే సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 2 ఉంటే హాయిగా ఉంటుంది. నైలాన్ తీగలు ఎక్కువ ఊగుతాయి కాబట్టి వాటికి లావు తీగ కింద 4, సన్న తీగ కింద 3 దాకా ఫర్వాలేదు. అంతకన్నా బాగా ఎక్కువుంటే బ్రిడ్జి (పెట్టె మీద తీగలు కట్టే చెక్క) మీద ఉండే తెల్లటి పట్టీని, అంటే శాడిల్‌ని, కిందివైపు అరగదీయాలి. 12వ ఫ్రెట్ తీగ పొడవులో సరిగ్గా సగంలో ఉంటుంది. కనుక అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ దగ్గర రెండు తగ్గించాలి. ఇది గిటార్లు బాగుచేసేవాళ్ళతోనే చేయించండి. ఎక్కువ అరిగితే తీగలు ఫ్రెట్లకి తగిలి జరజరమంటాయి, మళ్ళీ కొత్త శాడిల్ వేయించాల్సి వస్తుంది.

ఇంకో పరీక్ష ఉంది, చాలామంది చెప్పరు. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించి ఏదైనా కార్డు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికే వేళ్ళ పట్టు, పట్టండి. కేపో ఉన్నప్పుడు సులువుగా పలికి, తీసేయగానే కష్టమైతే లోపం మెడ చివర ఉండే నట్‌లో ఉంది. తీగలు కూర్చునే దాని గాళ్ళు లోతు చాలకపోతే మొదటి రెండు ఫ్రెట్ల దగ్గర తీగ మొండికేస్తుంది. మొదట్లో నేర్పే కార్డులన్నీ అక్కడే కదా, పాపం కొత్తవాళ్ళ బలమంతా అక్కడే ఖర్చైపోతుంది.

ఇంకా కొనలేదంటే నా ఓటు నైలాన్ తీగలకే. స్టీలు తీగలు 12 గేజ్ (గేజ్ అంటే తీగ మందం) సెట్ వేసి శ్రుతి చేస్తే ఆరూ కలిసి మెడని సుమారు 70 కిలోల బిగువుతో లాగుతుంటాయి. నైలాన్ సెట్ బిగువు దాదాపు 40 కిలోలే. వేలికి ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది. యమహా సి40 లాంటి మామూలు క్లాసికల్ గిటార్ చాలు. నట్ దగ్గర మెడ వెడల్పు 52 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి తీగల మధ్య చోటు ఎక్కువ, లావు వేళ్ళవాళ్ళకి వరం. చేతులు చిన్నవైతే మాత్రం ఆ వెడల్పు ఇబ్బంది పెట్టొచ్చు. అలాంటివాళ్ళు సన్నమెడ స్టీలు గిటార్‌కి 10 గేజ్ తీగలు వేయించి, అర స్వరం (ఒక ఫ్రెట్ అంత) తగ్గించి శ్రుతి చేసుకోవాలి. అర స్వరం దించితే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. ఎవరితోనైనా కలిసి వాయించాల్సి వస్తే మొదటి ఫ్రెట్ మీద కేపో పెడితే అసలు శ్రుతికి వచ్చేస్తారు. షాపుకి వెళ్ళినప్పుడు కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని, కుడిచెయ్యి పెట్టె మీదుగా వాలినప్పుడు భుజం పైకి లేస్తోందేమో చూసుకోండి. నాకు పెద్ద పెట్టె డ్రెడ్‌నాట్ గిటార్లు అందుకే సరిపడలేదు.

ఇక వయసు మనకి ఇచ్చిన ఆస్తి సంగతి. పదేళ్ళ పిల్లకి లేనిది, మీకున్నది: నలభై ఏళ్ళుగా రేడియోలో, పెళ్ళిపందిళ్ళలో, గుళ్ళో వింటూ వచ్చిన పాటలు. మీ చెవి తయారైపోయి ఉంది, వేళ్ళే వెనకబడి ఉన్నాయి. గిటార్ పాఠాలు చాలావరకు కార్డులతో మొదలవుతాయి. వేళ్ళకి అది అన్నిటికన్నా కష్టమైన పని, చెవికేమో అందులో పని తక్కువ. నేను ఒక్క తీగ మీద స్వరాలతో మొదలుపెట్టాను, మీకూ అదే చెబుతాను.

తీగని ఏమీ నొక్కకుండా మీటితే అది సా అనుకోండి. గిటార్‌లో ఒక్కో ఫ్రెట్ ఒక్కో అర స్వరం. సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగానికి 1, 4, 5, 7, 8, 11, 12 ఫ్రెట్లు నొక్కుతూ వెళితే రి గ మ ప ద ని, ఆపై తారస్థాయి సా వస్తాయి. సరళీ స్వరాలు ఈ లెక్క మీద నడిపించేయొచ్చు. శంకరాభరణానికి 2, 4, 5, 7, 9, 11, 12. మోహనానికి 2, 4, 7, 9, 12. ఒక్క వేలితో చాలు. పాడుతూ వాయించండి. ఆడగొంతుకి ఐదు శ్రుతి అలవాటైతే జి తీగ (సన్న తీగ వైపు నుంచి మూడోది) మీద, మగగొంతుకి రెండు శ్రుతి అయితే డి తీగ (నాలుగోది) మీద మొదలుపెడితే గొంతూ తీగా కలుస్తాయి. రెండో వారానికల్లా తెలిసిన పాట పల్లవి ఏదో ఒకటి తీగ మీద దొరుకుతుంది. అది దొరికిన క్షణం నుంచి మిమ్మల్ని ఎవరూ ఆపలేరు, నొప్పి కూడా.

"గిటార్ మీద మన రాగాలేమిటి" అనేవాళ్ళుంటారు. వయొలిన్ కూడా ఐరోపా నుంచి వచ్చిందే. 1919లో మొదలైన మన విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు దాన్ని ఏ ఎత్తుకి తీసుకెళ్ళారో అందరికీ తెలుసు. పాలకొల్లు నుంచి వచ్చిన యు. శ్రీనివాస్‌గారు మాండలిన్ మీద కర్ణాటక కచేరీలు చేశారు. గిటార్ మీద ఆర్. ప్రసన్నగారు చేస్తున్నారు. గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) కోసం వేలిని ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కి జార్చడం మొదట్లో చాలు, తీగని పక్కకి లాగడం తర్వాత వస్తుంది.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఫ్రెట్ల మధ్య దూరం పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. 650 మిల్లీమీటర్ల తీగకి మొదటి ఫ్రెట్ దూరం 36.5 మిల్లీమీటర్లు, నాలుగుకీ ఐదుకీ మధ్య 29 మాత్రమే. వేళ్ళు చాచే అభ్యాసాలేవైనా ఐదో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి, సాగినకొద్దీ కిందికి దిగండి. ఫ్రెట్ గీతకి ఆనుకుని వెనకాలే నొక్కాలి, మధ్యలో నొక్కితే రెట్టింపు కష్టపడాలి.

కార్డులకి వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్న వరసలో వెళ్ళకండి, వేళ్ళు తక్కువ కదిలే జతలు పట్టుకోండి. ఏ-మైనర్ నుంచి సి-మేజర్‌కి ఉంగరం వేలు ఒక్కటే కదులుతుంది, మిగతా రెండూ ఉన్నచోటే ఉంటాయి. ఈ-మేజర్‌ని ఉన్న ఆకారంతో ఒక తీగ అవతలికి జరిపితే ఏ-మైనర్. దానికి డి-మైనర్ కలిపితే కీరవాణి రాగం పాటలకి కావలసిన మూడు కార్డులూ చేతిలో ఉన్నట్టే. మోహనంలో అయితే సి-మేజర్, ఏ-మైనర్ రెండే రాగం దాటకుండా ఇముడుతాయి, ఆ రెండింటితో కూర్చుని పాడుకోవచ్చు. ఇలా రాగం వైపు నుంచి వస్తే కార్డు ఎందుకు మారుతుందో చెవికే తెలుస్తుంది. ఎఫ్-మేజర్, అదే చూపుడువేలు అడ్డంగా పరిచే బార్ కార్డు, మొదటి ఏడాది జోలికి పోనవసరం లేదు. కేపోతో దాన్ని తప్పించుకునే దారి ప్రతి పాటకీ ఏదో ఒకటి ఉంటుంది.

కుడిచేతికి తాళమే గురువు. ఎనిమిది అక్షరాల ఆదితాళం నోటితో వేస్తూ తీగల మీద కిందికీ పైకీ చెయ్యి ఆపకుండా ఊపండి, ఎడమచెయ్యి తప్పినా సరే కుడిచెయ్యి ఆగకూడదు. తిస్ర నడకలో, అంటే మూడేసి అక్షరాలుగా, సాగే సినిమా పాటలు మనకి బోలెడు, వాటికి తకిట తకిట అనుకుంటే సరిపోతుంది.

సాధన సంగతి. ఆదివారం మూడు గంటలు కూర్చునే బదులు రోజూ రెండు పూటలా పావుగంట. నేర్చుకున్నది నిద్రలో కుదురుకుంటుందన్నది పరిశోధకులు చూపించిన విషయమే, రోజూ వాయించేవాళ్ళు అది అనుభవంలో చూస్తారు కూడా: నిన్న రాని మార్పు ఇవాళ పొద్దున్న తేలిగ్గా వచ్చేస్తుంది. గిన్నెలు కడిగిన వెంటనే వాయించకండి, నానిన చర్మం మీద తీగ కోసుకుపోతుంది. వేళ్ళ చివర కాయలు కాయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ తర్వాత ఆ నొప్పి ఉండదు. చర్మం మంట మామూలే. మణికట్టు సలుపు, వేళ్ళు తిమ్మిరెక్కడం, పొద్దున్నే వేలు ముడుచుకుని పట్టేయడం మామూలు కాదు, అవి ఉంటే ఆపేసి డాక్టరుకి చూపించండి. షుగర్ ఉన్నవాళ్ళకి వేలు పట్టేసే సమస్య, భుజం బిగుసుకుపోవడం ఎక్కువగా వస్తాయి కాబట్టి మరింత జాగ్రత్తగా ఉండాలి.

వైజాగ్ అన్నారు కాబట్టి సముద్రపు గాలి గురించి చెప్పకపోతే తప్పు. మాది పెదవాల్తేరు. ఉప్పుగాలికి స్టీలు తీగల్లో సన్నవి రెండూ ముందు తుప్పు పడతాయి. తుప్పు తీగ వేలిని గీరేస్తుంది, శ్రుతిలోనూ నిలవదు. వాయించడం అవగానే పొడి నూలుగుడ్డతో పైనా కిందా తుడవాలి. పూత పూసిన తీగలు ఖరీదెక్కువైనా ఎక్కువకాలం వస్తాయి. గిటార్ చెక్కకి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మేలు, మనకి వానాకాలంలో అంతకన్నా ఎంతో ఎక్కువుంటుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, దాంతో తీగల ఎత్తు పెరుగుతుంది. వేసవిలో హాయిగా ఉన్న గిటార్ వానాకాలంలో బరువనిపిస్తే మీ వేళ్ళు వెనక్కి పోయాయనుకోకండి, మళ్ళీ కొలవండి. బీచ్‌వైపు కిటికీ పక్కన గోడకి తగిలించకుండా సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. ఎండలో కారులో మాత్రం అస్సలు వదలొద్దు, జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోతుంది. పలకలు అతికించి చేసిన ప్లైవుడ్ గిటార్ మన ఊరి తేమకి అసలు చెక్క గిటార్ కన్నా బాగా తట్టుకుంటుంది. చవకదని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

గురువు విషయానికొస్తే, ఎంవీపీ కాలనీ, ద్వారకానగర్, గాజువాక, ఎటు చూసినా నేర్పేవాళ్ళు ఉన్నారు. చేరేముందు ఒకటే అడగండి: "నాకు పరీక్షలొద్దు, నాకిష్టమైన పాటలతో నేర్పుతారా?" సంకోచిస్తే ఇంకొకరిని చూసుకోండి. గ్రేడ్ పరీక్షలు రాయాలన్న కోరిక ఉంటే మాత్రం వయసు అడ్డం కాదు, లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే గ్రేడ్ పరీక్షలకి వయోపరిమితి లేదు. పిల్లల బ్యాచ్‌లో కూర్చోవడం కన్నా వారానికి ఒకసారి విడిగా చెప్పించుకోవడం మనకి నయం. వీడియోలు చూసి కొంత నేర్చుకోవచ్చు కానీ, మణికట్టు వంకరగా పెడుతున్నారని వీడియో చెప్పదు. మొదటి మూడు నెలలైనా ఎదురుగా ఒక మనిషి ఉండాలి.

ఇంట్లోవాళ్ళకి జవాబు మాటల్లో చెప్పకండి. అపార్ట్‌మెంట్ అయితే బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న గుడ్డ దూర్చితే శబ్దం సగానికి పైగా తగ్గుతుంది, రాత్రి కూడా సాధన చేసుకోవచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత "ఇప్పుడెందుకు" అన్నవాళ్ళకి బాగా ఇష్టమైన పాట ఏదో కనుక్కుని, ఒక్క తీగ మీద దాని పల్లవి వాయించండి. మా ఇంట్లో ఎక్కువగా వద్దన్నది మా అత్తగారు. ఆవిడ పాడుకునే మంగళహారతి నేను తీగ మీద పట్టుకున్నాక, శ్రుతి తగ్గించమనీ పెంచమనీ చెబుతూ పక్కన కూర్చునేది ఆవిడే.

మీ దగ్గర ఇప్పటికే గిటార్ ఉంటే 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ, సన్న తీగ ఎంతెంత ఎత్తున్నాయో, అవి స్టీలా నైలానా, కేపో పరీక్షలో ఏమైందో కింద రాయండి. దాన్ని బాగుచేయించాలా మార్చాలా అన్నది చూసి చెబుతాను.