వెన్నులో కరెంటు పరికరం పెడితే మా తమ్ముడు నడుస్తాడా?

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. కల్లు గీసేవాడు. ఏడాదిన్నర కిందట తాటిచెట్టు మీది నుంచి పడి డి12 వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. నడుము కింద స్పర్శ లేదు, కాళ్లు కదలవు. అప్పుడప్పుడు మాత్రం వాటంతటవే కొట్టుకుంటాయి. విదేశాల్లో వెన్నులో కరెంటు పరికరం పెడితే లేచి నడిచారని ఫోన్‌లో వీడియో చూశాం. ఉన్న ఎకరం అమ్మి పెట్టిద్దామని అమ్మ అంటోంది. మంచిదేనా డాక్టర్ గారూ?
- ఓ సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. ఆ ఎకరం ఇప్పుడు అమ్మకండి.

మీరు చూసింది అబద్ధం కాదు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో శాస్త్రవేత్త గ్రెగ్వార్ కూర్టీన్, న్యూరోసర్జన్ జోస్లిన్ బ్లాక్ బృందం కాళ్లు పూర్తిగా చచ్చుబడిన ముగ్గురి చేత, పరికరం ఆన్ చేసిన రోజే అడుగులు వేయించింది. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. కానీ వాళ్ల బరువును పైనుంచి బెల్టులు మోశాయి. ఆ తర్వాత నెలల తరబడి సాధన చేశారు. వీడియోలో ఆ నెలలు కనిపించవు.

ఈ పరికరం తెగిన నరాన్ని అతికించదు. కాళ్ల కండరాలను వరసగా కదిలించే నాడీ కేంద్రం వెన్నుపాము కింది చివర ఉంటుంది. పైన దెబ్బ తగిలితే మెదడు నుంచి కబురు అందక అది మూగబోతుంది. వెన్నుపాము పొర మీద పెట్టే ఎలక్ట్రోడ్ల పట్టీ సన్నని కరెంటుతో దాన్ని మేల్కొలుపుతుంది. చాలామందిలో స్విచ్ ఆపితే ఆ బలం కూడా ఆగిపోతుంది.

మీ తమ్ముడి విషయంలో నాకు బెంగంతా ఆ డి12 దగ్గరే. ఆ నాడీ కేంద్రం సరిగ్గా అక్కడే ఉంటుంది. దెబ్బ దానికే తగిలి నలిగిపోతే కరెంటు ఇచ్చి లేపడానికి అక్కడ ఏమీ మిగలదు. అప్పుడు కాళ్లు మెత్తగా, వేలాడుతున్నట్టు ఉంటాయి. మీరు కాళ్లు కొట్టుకుంటున్నాయని రాశారు. అది నడక వస్తోందన్న సూచన కాదు, చాలా ఇళ్లలో అలాగే పొరబడతారు. కానీ కింది నాడులు కొంతైనా బతికి ఉన్నాయని మాత్రం చెబుతుంది. పునరావాస వైద్యుల దగ్గర, వెన్నుపాముకు దెబ్బ ఎంత తగిలిందో తేల్చే ఏషియా పరీక్ష చేయించండి. మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు కూడా చూసి ఇంగ్లిష్ అక్షరాల్లో ‘ఏ’ నుంచి ‘ఈ’ వరకు ఒక గ్రేడ్ ఇస్తారు. ఆ అక్షరం తెలియకుండా ఎవరు ఏ ఆశ పెట్టినా నమ్మకండి.

నడక కోసం పెట్టే ఈ ఇంప్లాంట్ ఇంకా పరిశోధన దశలోనే ఉంది. 2024 డిసెంబరులో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించినది మెడ దగ్గర దెబ్బ తగిలినవారి చేతుల కోసం, చర్మం పైనే పెట్టే పరికరం. మన దగ్గర వెన్నులో అమర్చే స్టిమ్యులేటర్లు (కరెంటు ఇచ్చే పరికరాలు) ప్రధానంగా నొప్పి తగ్గించడానికి. ప్రయోగంలో చేర్చుకుంటామని ఎవరైనా డబ్బు అడిగితే సీటీఆర్‌ఐ (మన దేశంలో వైద్య ప్రయోగాలను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించమనండి.

అమెరికాలోని లూయీవిల్‌లో నలుగురికి ఈ ఇంప్లాంట్ పెట్టారు. వాళ్లలో ఒకరికి సాధనలోనే తుంటి ఎముక విరిగి, ఏడాది పాటు శిక్షణ ఆగిపోయింది. కదలని కాళ్ల ఎముకలు అంత పెళుసవుతాయి. రేపు మంచి పరికరం వచ్చినా, ఎముక గుల్లబారి, కీళ్లు బిగుసుకుపోయి, పుండ్లు పడి ఉంటే అది మీ తమ్ముడికి పనికి రాదు. అందుకే డబ్బు, ఓపిక ఇప్పుడు అక్కడ పెట్టండి. ఎముకల సాంద్రత, విటమిన్ డి చూపించండి. మూత్రానికి పైపు ఎప్పుడూ ఉంచేస్తున్నారా? రోజుకు నాలుగైదుసార్లు శుభ్రంగా కాథెటర్ (సన్నని గొట్టం) వేసి తీసేసే పద్ధతి తనకు కుదురుతుందేమో డాక్టర్‌ని అడిగి, తనకే నేర్పించండి. వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో ఇవన్నీ నేర్పే పునరావాస సంస్థ 1966 నుంచి ఉంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డాక కూడా చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. ఈ సంగతి మీ తమ్ముడికి తప్పక చెప్పండి.

రోజూ స్నానం చేయించాక పిరుదులు, మడమలు చూడండి. తను కూడా చిన్న అద్దంతో చూసుకోవాలి. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే, ఆ భాగం మీద బరువు పడనివ్వకండి, అదే రోజు డాక్టర్‌కి చూపించండి.