జీనత్ నీకు కనపడలేదు కదూ

పర్లాకిమిడి,
మంగళవారం రాత్రి

బాబూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను, అందుకే మార్జిన్లు అలా తయారయ్యాయి. కంగారు పడకు, మొదటి పేజీలో పెద్దగా గీతల్లేవు.

బల్లార్షాలో బండెక్కి ఎక్కడో ఒడిశా మయూర్‌భంజ్ జిల్లాలో ఉన్న సిమిలిపాల్ కొండల దాకా వెళ్ళావు. ఎందుకూ అంటే మహారాష్ట్రలోని మీ తాడోబా అడవి నుంచి జీనత్ అనే ఆడపులిని తీసుకెళ్ళి అక్కడ వదిలారని. అత్తారింటికి పంపిన పిల్ల ఎలా ఉందో చూసొద్దామని పుట్టింటివాళ్ళు బయల్దేరినట్టుంది. ఈ పోలిక నీ వ్యాసంలో లేదు, చదువుతుంటే నాకు తట్టింది. నువ్వు దాని బదులు 'వన్యప్రాణి సంరక్షణ ఆవశ్యకత' అని ఒక పేరా పెట్టావు. దాన్ని కొట్టేశాను. ఆ మాటలు ఆఫీసు గోడల మీద ఎలాగూ ఉంటాయి.

ఇక అసలు సంగతి. మూడో పేజీ చివర్లో 'జీనత్ నా కళ్ళలోకి సూటిగా చూసింది' అన్నావు. జీనత్ నీకు కనపడలేదు కదూ?

అప్పటిదాకా నీ రాతలో ప్రతిదీ కచ్చితంగా ఉంది. పీఠాబటా గేటు దగ్గర చలికి రెండు చేతులూ టీ గ్లాసుకి అంటించుకున్నావు. డ్రైవరు ఇంజన్ ఆపేసి, వెనక సీట్లో పిల్లాడి బిస్కెట్ ప్యాకెట్ గలగలలాడించొద్దని సైగ చేశాడు. అంతలో 'అగ్నిగోళాల్లాంటి నేత్రాలు', 'రాజసం ఉట్టిపడే నడక' వచ్చిపడ్డాయి. కళ్ళారా చూసినవాడికి ఇలాంటి మాటలు గుర్తుకు రావు. ఇంకోటి. ఆ పులి మెడకి రేడియో కాలర్ కట్టి వదిలారు. వెడల్పాటి పట్టీ అది. నిజంగా చూసినవాడి కన్ను ముందు దాని మీదే పడుతుంది, మనసు కాస్త చివుక్కుమంటుంది కూడా. నీ పులి మెడ బోసిగా ఉంది.

సిగ్గుపడకు, నేనూ చేశాను ఆ పని. ఇరవయ్యారేళ్ళప్పుడు మహేంద్రగిరి ఎక్కి దిగొస్తుంటే, మసకచీకట్లో గడ్డి కదిలింది, పసుపుపచ్చగా ఏదో దూరిపోయింది. నక్కో, ఊరకుక్కో ఈరోజుకీ నాకు తెలీదు. ఇంటికొచ్చి పెద్దపులి అని రాశాను. ఒక వారపత్రిక వేసింది కూడా. ఎవరో చదివి వినిపించారట, నెల తర్వాత సంతకొచ్చిన ఒక సవర ముసలాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తిట్టలేదు. అరుగు మీద కూర్చుని "కొండముచ్చులు అరిచాయా బాబూ?" అనడిగాడు. లేదన్నాను. "గాలి ఎటునించి?" తెలీదన్నాను. ఇంకేమీ అడగలేదు. మజ్జిగ తాగి, చుట్ట ముట్టించుకుని వెళ్ళిపోయాడు. ఆ కట్టింగు ఇంకా నా దగ్గరుంది. ఎవరికీ చూపించను.

తాడోబా పక్కన పెరగడం వల్ల నీకు ఒక చెడ్డ అలవాటయింది. మీవైపు వెదురు, టేకు, చెరువులు. ఎండాకాలం జీపెక్కితే పులి నీళ్ళలో కూర్చుని కనిపించడం పెద్ద వింత కాదు. సిమిలిపాల్ అలా కాదు, కొండ వెనక కొండ, చిక్కటి గుగ్గిలం చెట్ల అడవి. ఖైరీబురు, మేఘాసని శిఖరాలు రెండూ 1,160 మీటర్లు దాటినవే. అక్కడ రోజంతా తిరిగి ఏనుగు లద్దె చూసి వచ్చేవాళ్ళే ఎక్కువ. పులి కనపడలేదన్నది నువ్వు దాచాల్సిన సంగతి అనుకున్నావు, నాకేమో నీ వ్యాసమంతా అక్కడే ఉందనిపిస్తోంది.

పోయిన చలికాలం నేనూ వెళ్ళాను. పులి కనపడలేదు. ఒక వాగు దాటాక గార్డు జీపు ఆపించి దిగాడు. రోడ్డు పక్క మెత్తటి దుమ్ములో ఒక అడుగు. నా అరచెయ్యి దాని పక్కన పెట్టాను, చాలలేదు. నాలుగు వేళ్ళు, గోళ్ళ గుర్తు లేదు, మడమ దిమ్మ వెనకవైపు మూడు ఉబ్బులు. చుట్టూ దుమ్ములో చిన్న చిన్న గుంటలు. రాత్రి ఆకుల మీంచి కారిన మంచు బొట్లు అవి. గార్డు పుల్లతో అడుగు లోపల చూపించాడు, అక్కడా నాలుగైదు గుంటలున్నాయి. అంటే మంచు కారకముందే పులి వెళ్ళిపోయింది. అడుగు మీద బొట్లు లేకపోతే? అప్పుడు మనం జీపులో కూర్చుని ఉండాలి అని నవ్వాడు. మాతో వచ్చినాయన "ఇది జీనతా, జమునా?" అనడిగాడు. జమున అంటే తాడోబా నుంచే తెచ్చిన ఇంకో ఆడపులి. గార్డు జవాబు చెప్పలేదు, పుల్లతో అడుగు చుట్టూ ఒక సున్నా చుట్టి వచ్చేశాడు. ఆ సున్నా గురించి నేను ఇంకా ఏమీ రాయలేకపోయాను. కావాలంటే నువ్వు తీసుకో.

నీ రెండో పేజీలో ఒక తప్పుంది, అది తప్పక దిద్దాలి. 'పులులు అంతరించిన సిమిలిపాల్' అన్నావు. అంతరించలేదు. 2023-24 ఒడిశా లెక్కల్లో రాష్ట్రం మొత్తం మీద 30 ఎదిగిన పులులుంటే 27 అక్కడివే. పూర్తిగా పోయిన చోట మళ్ళీ తెచ్చి వదలడం రాజస్థాన్‌లోని సరిస్కాలో 2008లో, మధ్యప్రదేశ్‌లోని పన్నాలో 2009లో జరిగింది. సిమిలిపాల్ కష్టం వేరు. అక్కడి పులులకి బయటి పులులతో రాకపోకలు తెగిపోయాయి, ఉన్నవాటిలోనే సంబంధాలు కలుపుకుంటూ వచ్చాయి. మేనరికాల గురించి మనకి వేరే చెప్పాలా! నల్లచారలు వెడల్పై ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఒళ్ళంతా మసి పూసినట్టుండే పులులు అక్కడే అంత ఎక్కువగా ఉండడానికి కారణం అదే. ఆ 27లో 13 అలాంటివే. ఒకే ఒక్క జన్యువులో వచ్చిన మార్పు ఇదని 2021లో బెంగళూరు శాస్త్రవేత్తలు తేల్చారు. టూరిస్టుకి నల్లపులి అద్భుతం, అడవి చూసుకునేవాళ్ళకి టెన్షన్. అందుకని కొత్త రక్తం కోసం 2024 అక్టోబర్‌లో జమునని, నవంబర్‌లో జీనత్‌ని తెచ్చారు.

తెస్తే ఏమయింది? జీనత్ డిసెంబర్‌లో కొండలు దిగి ఝార్ఖండ్ మీదుగా బెంగాల్లోకి నడిచి వెళ్ళిపోయింది. 29న బాంకురా జిల్లాలో మత్తు సూది వేసి పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఇంత కథని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు! పుట్టిల్లు వెతుక్కుంటూ పోయిందని మాత్రం రాయకు. పైన నేను వాడిన పోలిక అక్కడితో సరి, పులి కడుపులో ఏముందో మనకి తెలీదు. కానీ ఆ మూడు వారాలూ ఆ ఊళ్ళలో మేకల్ని ఎవరు తోలుకెళ్ళారో, పొద్దుగూకాక బయటికి ఎవరెళ్ళారో అడిగితే చెబుతారు. అడగడానికి నీకు నోరుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే సత్కోసియా అడవి గుర్తొచ్చి. అదీ ఒడిశాలోనే. 2018లో కన్హా నుంచి మహావీర్ అనే మగపులినీ, బాంధవ్‌గఢ్ నుంచి సుందరినీ తెచ్చి వదిలారు. ఆ నవంబర్‌లోనే మహావీర్ శవమై దొరికింది. సుందరి ఇద్దరిని చంపిందని ఊళ్ళు భగ్గుమన్నాయి. దాన్ని పట్టి ఎన్‌క్లోజర్‌లో పెట్టారు, 2021లో మధ్యప్రదేశ్‌కి తిప్పి పంపేశారు. అడవి పచ్చగానే ఉంది, పక్క ఊళ్ళు ఒప్పుకోలేదు. నీ వ్యాసంలో ఊళ్ళు లేవు, అదీ నా బాధ.

అడుగుజాడ ఎక్కడ కనిపించిందో, ఏ వాగో, ఏ మలుపో రాయొద్దు. నీకది రంగు, ఉచ్చు పెట్టేవాడికి అడ్రస్. 2023లో సిమిలిపాల్‌లోనే నెల తిరక్కుండా ఇద్దరు అటవీ సిబ్బందిని వేటగాళ్ళు కాల్చి చంపారు. 'ఒక వాగు' అంటే చాలు.

భాష సంగతి. 'అరణ్యరాణి', 'శార్దూలం' తీసేశాను. పులి అంటే చాలదా? మా ఊళ్ళో గిడుగు రామ్మూర్తి పంతులుగారు సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. మన్యం జ్వరానికి వాడిన క్వినైన్‌తో చెవులు దెబ్బతిన్నాయి. వినడానికి వెళ్ళి వినికిడి పోగొట్టుకున్న మనిషి. నీకు అంత ఖర్చు లేదు, ఈసారి గార్డు దగ్గర ఇంకో గంట కూర్చుంటే చాలు. చెట్టుని ఏమంటారు, ఆ అరుపుని ఏమంటారు అని అడుగు. జవాబు అర్థం కాకపోయినా విన్నది విన్నట్టు నోట్‌బుక్‌లో వేసుకో, ఆ సాయంత్రమే. మర్నాటికి నీ బుర్ర దాన్ని అందంగా మార్చేస్తుంది.

బిస్కెట్ ప్యాకెట్ దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాయి. దసరాకి తీసుకురా. పలాసలో దిగితే ఇక్కడికి బస్సుంది, రెండో బస్సు కోసం ఆగకు, అది ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. నీ కాగితాలు మా ఆవిడ కూడా చదివింది. పులి పేరా గురించి ఏమీ అనలేదు. టీ గ్లాసు వాక్యం దగ్గర ఆగి, "ఈ అబ్బాయికి స్వెటర్ లేదా?" అనడిగింది.