గ్రూపుల్లో మాటల మీద పరిశోధన కూడా చదువేనా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లోనే కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. ప్లేస్‌మెంట్లకు పేరు ఇవ్వనని, ఆన్‌లైన్ సమూహాల్లో మనుషులు ఏ కట్టుబాట్లతో మెలుగుతారో పరిశోధన చేస్తానని అంటోంది. కాలేజీలో జూనియర్ల కోసం పెట్టిన ఒక గ్రూపుకు తనే అడ్మిన్. ఒక రాత్రి తను నిద్రపోయాక ఫోన్ తీసి చూశాను. ఎవరో అబ్బాయి పెట్టిన పోస్టును తీసేసి, ఎందుకు తీసేశానో అతనికి విడిగా ఒంటిగంట దాకా చెబుతూ కూర్చుంది. ఇదేనా చదువు? అమెరికాలో డేటా సైన్స్ ఎంఎస్ చేయించడం మేలా, ఇది మేలా? చుట్టాలు అడిగితే ఏం చెప్పుకోవాలి?
ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న నా దగ్గరకు ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. ఒకప్పుడు సైకాలజీ అన్న పిల్లల తల్లిదండ్రులు అడిగారు, తరువాత డిజైన్ అన్న పిల్లల తల్లిదండ్రులు అడిగారు. స్కోప్ ఉందా అని అడిగే తండ్రి మనసులో చాలాసార్లు ఉండేది జీతం లెక్క కాదు. తాను ఎన్నడూ నడవని దారిలో బిడ్డ నడుస్తుంటే, ఎక్కడ గుంట ఉందో ముందుగా చెప్పలేకపోతానేమోనన్న భయం. ఇంజనీరింగ్ అంటే పక్కింటివాళ్లను అడిగైనా తెలుసుకోవచ్చు, దీని గురించి అడగడానికి మనిషి దొరకడు. ఆ భయం సహజమైనదే కాబట్టి ముందు దానికే సమాధానం చెబుతాను.

ఇది చదువే. కొత్తగా పుట్టిన సరదా కూడా కాదు. మన తెలంగాణ పల్లెల్లో చెరువు నీటిని వంతులవారీగా పొలాలకు వదిలే నీరటి చేతిలో కాగితమేమీ ఉండేది కాదు. అయినా ఏ మడికి ఎప్పుడు నీరు పారాలో ఊరందరికీ తెలుసు, వంతు తప్పినవాడిని నలుగురిలో నిలదీయడమూ తెలుసు. ఇలాంటి ఉమ్మడి వనరులను, అంటే సాగునీటిని, అడవులను, చేపల వేటను, పైనుంచి అధికారి లేకుండానే జనం ఎలా కాపాడుకుంటారో అధ్యయనం చేసినందుకే ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా పరిశోధకురాలికి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆమె చెప్పిన సూత్రాలను 1996లో పీటర్ కొల్లాక్, మార్క్ స్మిత్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు యూజ్‌నెట్ అనే తొలితరం చర్చా వ్యవస్థకు అన్వయించి చూశారు. అక్కడ ఉమ్మడి వనరు నీళ్లు కావు, నలుగురి శ్రద్ధ. పనికిరాని మాటలతో దాన్ని ఒకడు ఖర్చు చేసేస్తే మిగిలినవారికి చర్చ మిగలదు.

ఆ యూజ్‌నెట్‌లో ఏటా సెప్టెంబరు వచ్చేసరికి అమెరికా విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చేరిన విద్యార్థులు ఒక్కసారిగా వచ్చిపడేవారు, పాతవారు కొన్ని వారాలు ఓపికపట్టి వారికి పద్ధతులు నేర్పేవారు. 1993 నుంచి మామూలు వినియోగదారులకూ తలుపులు తెరుచుకోవడంతో కొత్తవారి రాక ఏడాది పొడవునా ఆగకుండా సాగింది, నేర్పేవారు చాలలేదు. ఆనాటివారు దానికి ముగింపు లేని సెప్టెంబరు అని పేరు పెట్టుకున్నారు. ఉన్నవారి కట్టుబాట్లు వచ్చేవారికి ఎలా అందుతాయి, అందకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్న అప్పటి నుంచి ఈ రంగాన్ని వదలలేదు. 2007 తరువాత ఆంగ్ల వికీపీడియాలో చురుగ్గా రాసేవారి సంఖ్య ఎందుకు తగ్గుతూ వచ్చిందని వెతికినవారికి కూడా ఇదే ఎదురైంది: మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవారి మార్పులను కూడా యాంత్రికంగా తిరగగొట్టడం, వారు నొచ్చుకుని వెళ్లిపోవడం.

ఇప్పుడు మీరు చూసిన ఆ రాత్రి సంగతికి వస్తాను. ఒక పోస్టు తీసేసిన తరువాత, ఎందుకు తీశారో రాసినవాడికి చెప్పడం వల్ల ప్రయోజనం ఉందా అన్నది పరిశోధకులు నిజంగా పరిశీలించిన ప్రశ్న. రెడ్డిట్ అనే చర్చా వేదిక మీద 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కారణం చెప్పినప్పుడు ఆ వ్యక్తి తరువాత పెట్టే పోస్టులు తొలగింపుకు గురయ్యే అవకాశం తగ్గింది. అదే ఏడాది వచ్చిన మరో ప్రయోగంలో, అక్కడి పెద్ద సైన్స్ చర్చావేదికలో కొన్ని చర్చల పైభాగాన నియమాలను అందరికీ కనబడేలా ఉంచి, కొన్నింటిలో ఉంచకుండా చూశారు. ఉంచినచోట నియమాలు పాటించిన కొత్తవారి నిష్పత్తి 8 శాతం పాయింట్లకు పైగా పెరిగింది, చర్చలో కొత్తవారు పాల్గొనడం సగటున 70 శాతం పెరిగింది. నియమాలు చూపిస్తే జనం జంకి వెళ్లిపోతారని అనుకునేవారికి ఇది ఆశ్చర్యమే. ఈ రెండు అధ్యయనాలు మీ అమ్మాయికి తెలుసో లేదో నాకు తెలియదు కానీ, ఒక జూనియర్‌ను గ్రూపులోంచి గెంటెయ్యకుండా కూర్చోబెట్టి చెప్పాలని ఆమెకు తోచింది. నాకైతే ఆ గంటసేపటిలో ఈ చదువుకు కావలసిన మనిషి కనిపించింది.

డేటా సైన్స్ ఎంఎస్ మాట అడిగారు. ఈ విషయంలో నాకున్న సందేహాలను దాచుకోలేను. నేడు కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం చుట్టుపక్కల ఏ బోర్డు చూసినా అదే పేరు. చదువు చెడ్డదని కాదు. గణితం ఇష్టంగా నేర్చుకున్న పిల్లలు అందులో చక్కగా రాణిస్తున్నారు. అయితే మనుషుల మీద ఆసక్తి ఉన్న పిల్లకు, ముందు డేటా సైన్స్ చేయి, మనుషుల సంగతి తరువాత చూసుకోవచ్చని చెప్పడం నాకు నచ్చదు. ఎందుకంటే, లక్ష వ్యాఖ్యలను దింపుకుని, సిద్ధంగా ఉన్న ఒక ప్రోగ్రాములో పోసి, ఇన్ని మర్యాదగా ఉన్నాయి, ఇన్ని ద్వేషంగా ఉన్నాయి అని పట్టిక గీయడమే పరిశోధన అనుకునే అలవాటు అక్కడ తేలిగ్గా పట్టుకుంటుంది.

ఒక్క ఉదాహరణ చూడండి. తెలుగువాళ్ల గ్రూపులో ఇద్దరు స్నేహితులు నువ్వు, రా అనుకుంటూ వాదించుకుంటున్నంతసేపూ ప్రమాదం లేదు. వారిలో ఒకరు ఉన్నట్టుండి "మీరు చాలా పెద్దవారు గారూ, మాకు అంత తెలివి లేదులెండి" అన్నారంటే అక్కడ స్నేహం తెగిపోయిందని ఆ గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ అర్థమవుతుంది. యంత్రానికి అది మర్యాద. పైగా మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకే మాటను పది రకాల వర్ణక్రమంతో, మధ్యలో హైదరాబాదీ ఉర్దూ కలిపి రాస్తారు. ఈ "గారు" ఎక్కడ గౌరవమో, ఎక్కడ చెంపపెట్టో చెప్పాలంటే ఆ సమూహంలో నెలల తరబడి ఉండి, చదివి, మనుషులతో మాట్లాడి ఉండాలి. లెక్క వేయడం ఆ తరువాతి పని. 2018లో రెడ్డిట్‌లోని 100 పెద్ద సమూహాల నుంచి మోడరేటర్లు, అంటే అక్కడి అడ్మిన్ల వంటివారు, తొలగించిన సుమారు 28 లక్షల వ్యాఖ్యలను పరిశీలించినవారు సైతం, అన్నిచోట్లా చెల్లే కట్టుబాట్లు కొన్నేనని, కొన్ని కొన్ని గుంపులకే పరిమితమని, ఇంకొన్ని ఒక్కో సమూహానికే ప్రత్యేకమని తేల్చారు. ఆ మూడో రకాన్ని పట్టుకోవడానికి దగ్గరగా చదివే కన్ను కావాలి. ఆ కన్ను మీ అమ్మాయికి ఉన్నట్టుంది. ప్రోగ్రామింగ్ ఎలాగూ వస్తుంది. ఈ రెండూ ఒక్కరి దగ్గర ఉండడం అరుదు, దాన్ని వదులుకోమని నేను చెప్పను. ఇక అప్పు చేసి పంపాలన్న ఆలోచన ఉంటే, ఆ అప్పు తీర్చే తొందరలో దొరికిన మొదటి ఉద్యోగంలో చేరి ఈ ఆసక్తిని మరిచిపోయిన పిల్లలను నేను చూశాను. దాన్నీ లెక్కలో వేసుకోండి.

ఇందులో కష్టాలు లేవని మాత్రం అనను. ఒకప్పుడు పరిశోధకులకు ఉచితంగా అందిన సమాచారం ఇప్పుడు అందడం లేదు. ట్విటర్, రెడ్డిట్ రెండూ 2023లో ఆ తలుపులు మూసేశాయి లేదా ధర కట్టాయి. ఫేస్‌బుక్ పోస్టులను పరిశీలించడానికి వాడిన క్రౌడ్‌టాంగిల్‌ను 2024 ఆగస్టులో ఆపేశారు. ఎవరో ఇచ్చే సమాచారం మీదే ఆధారపడి పీహెచ్‌డీ మొదలుపెట్టినవారు మధ్యలో అంశం మార్చుకోవలసిన పరిస్థితి. డబ్బు సంగతి కూడా వినండి. పరిశోధన చేసేవారికి యూజీసీ ఇచ్చే జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000, దానిమీద ఇంటి అద్దె భత్యం. అది రాకుండా పీహెచ్‌డీలో చేరిన పిల్లలు చాలామంది ఇంటివైపు చూడక తప్పదు. చదువు పూర్తయ్యేసరికి ముప్పై దగ్గరపడుతుంది. విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు ఎప్పుడు నింపుతారో ఎవరూ చెప్పలేరు. కంపెనీల్లో వినియోగదారుల పరిశోధన, వేదికల భద్రత, విధానాల రూపకల్పన వంటి పనులు ఉన్నాయి, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. అయితే భద్రత విభాగమనే పేరుతో మన నగరంలో ఎక్కువగా దొరికేది రోజంతా హింసాత్మక దృశ్యాలను చూసి తొలగించే పని. అది పరిశోధన కాదు, మనసుకు చాలా భారమైనది. పేరు చూసి అందులో చేరవద్దని అమ్మాయికి చెప్పండి.

ఇక మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. ఇరవై ఏళ్ల కూతురి ఫోన్‌ను ఆమె నిద్రలో ఉండగా తీసి చదివారు. మీది ఆందోళనే కావచ్చు. కానీ అందులో ఉన్నవి ఆమె మాటలు మాత్రమే కావు, తండ్రి చదువుతాడని తెలియకుండా ఆమెను నమ్మి మాట్లాడిన ఇంకో పిల్లవాడి మాటలు కూడా. ఈ రంగం ఎన్నో తప్పులు చేసి నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఫేస్‌బుక్ 2012లో 6,89,003 మంది ఖాతాల్లో కనిపించే పోస్టులను వారికి చెప్పకుండా మార్చి, వారి భావోద్వేగాలు మారుతాయేమో చూసిన ప్రయోగం 2014లో వెలుగులోకి వచ్చినప్పుడు ప్రపంచమంతా మండిపడింది. పేరు తీసేసినా, ఒకరి వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా అచ్చు వేస్తే వెతికి మనిషిని పట్టుకోవచ్చని ఇప్పుడు పరిశోధకులకు నేర్పిస్తున్నారు. మీరు చేసింది చిన్న విషయమని అనుకోకండి, మీ అమ్మాయి చదవబోయే చదువు దృష్టిలో అది చిన్నది కాదు.

కొన్నేళ్ల కిందట మియాపూర్ నుంచి ఒక అబ్బాయి నా దగ్గరకు రెండు వందల పేజీల నోటుబుక్కు తెచ్చాడు. మూడు నెలలపాటు తమ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపును గమనించి రాసుకున్నాడు. మంచినీళ్ల ట్యాంకరు రాని రోజున ఎవరు ముందు అడగవచ్చు, అద్దెకుండేవారు ఫిర్యాదు చేస్తే ఎవరూ ఎందుకు పలకరు, అదే మాట ఫ్లాటు యజమాని అంటే పది నమస్కారాల గుర్తులు ఎందుకు పడతాయి, మెయింటెనెన్స్ కట్టనివారి పేర్ల జాబితా ఏ తేదీ దాటాక పెడితే తప్పు కాదు, ఇవన్నీ తేదీలతో సహా ఉన్నాయి. ఎక్కడా రాసిలేని ఆ నియమాలను అంత స్పష్టంగా పట్టుకున్నందుకు సంతోషించి, వాళ్లను అడిగావా అన్నాను. అడగలేదన్నాడు. వెళ్లి అడగమన్నాను. అసోసియేషన్ సమావేశంలో లేచి చెప్పాడట. ఇద్దరు వద్దన్నారు. ఆ ఇద్దరి మాటలున్న ప్రతి పేజీలో గీత కొట్టి, నోటుబుక్కును మళ్లీ మొదటినుంచి రాశాడు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఎక్కువ సేపు అడిగింది ఆ గీతల గురించేనని తరువాత వచ్చి చెప్పాడు.

మీరు అడిగిన పోలికకు నేను పట్టిక వేసి ఇవ్వలేదు. ఇవ్వను కూడా, ఎందుకంటే ఇప్పుడే తేల్చుకోవలసిన అవసరం లేదు. ప్లేస్‌మెంట్లకు పేరు ఇవ్వమని అమ్మాయికి నా మాటగా చెప్పండి. పరిశోధన మీద ప్రేమ ఉన్నంత మాత్రాన ఉద్యోగం చేతిలో ఉండడం నేరం కాదు, ఒకటి రెండేళ్లు పనిచేసి వచ్చినవారిని ఏ విభాగమూ తిప్పి పంపదు. ఈ వేసవిలో ఒక చిన్న పని చేయమనండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది. అక్కడివారు ఉమ్మడి విషయాలు మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు, పాత చర్చలన్నీ అందరూ చదివేలా అలాగే ఉన్నాయి. ఎవరి తలుపూ తట్టకుండా మొదలుపెట్టదగిన చోటు అది. ఒక వివాదాన్ని తీసుకుని, అది ఎలా మొదలై ఎలా సద్దుమణిగిందో తెలుగులోనే ఇరవై పేజీలు రాయమనండి. రాస్తున్నప్పుడు విసుగు పుట్టిందా, ఇంకా లోపలికి వెళ్లాలనిపించిందా అన్నది ఆమెకే తెలుస్తుంది.

రెండోదే అయితే ఊరు దాటనక్కరలేదు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో సామాజిక మాధ్యమాల మీద పనిచేసే ప్రీకాగ్ బృందం ఉంది, బీటెక్ తరువాత అక్కడ పరిశోధనతో కూడిన ఎంఎస్ చేయవచ్చు. మనుషుల వైపు నుంచి రావాలనుకుంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ, కమ్యూనికేషన్ విభాగాలు ఉన్నాయి, కందిలోని ఐఐటీలో లిబరల్ ఆర్ట్స్ విభాగం ఉంది. ప్రవేశ పరీక్షల వివరాలు మీకంటే నాకంటే ఆమెకే బాగా తెలిసి ఉంటాయి.

చుట్టాలు అడిగితే, 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకారు ఫోన్లలో తిరిగి మన చాంద్రాయణగుట్టలో ఒక నిరపరాధి ట్రాన్స్‌జెండర్ ప్రాణం తీసిందని వారికి గుర్తు చేయండి. అలాంటి మాటను గ్రూపులో ఎవరు ఆపగలరు, ఎవరు ఆపితే వింటారు అన్నదే మా అమ్మాయి చదువుతోందని చెప్పండి. అంతకన్నా ముందు, ఆ రాత్రి ఫోన్ చూసిన సంగతి మీరే ఆమెకు చెప్పాలి. కోప్పడుతుంది, పడనివ్వండి. కోపం తగ్గాక, ఆ అబ్బాయి పోస్టు ఎందుకు తీసేశావో నాకు కూడా చెప్పమ్మా అని అడగండి. ఆ అబ్బాయి పేరు మాత్రం అడగకండి.