స్క్రబ్బర్ మోత విని వెళ్లిపోకు

చిరంజీవి కిరణ్‌కి మావయ్య ఆశీస్సులు.

పరవాడ ఫార్మాసిటీలో ఎన్విరాన్‌మెంట్ సెక్షన్ నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టెన్షన్ పడుతున్నావట. ముప్పై ఏళ్లు ఆ పొగల్లో తిరిగినవాణ్ని, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు సీఎఫ్ఓ, అంటే ఫ్యాక్టరీ నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఇచ్చే అనుమతిపత్రం, తెప్పించుకుని చదువు. మొదటి పేజీని అందరూ ఫ్రేము కట్టించి పెడతారు గానీ, వెనక షరతుల జోలికి ఎవరూ పోరు. ఏ స్టాక్ (పొగగొట్టం) ఎంత ఎత్తుండాలో, ఏ పొగ ఎక్కడికి వెళ్లాలో అక్కడే ఉంటుంది. ఆ పేజీలు చేత్తో పట్టుకుని ప్లాంటంతా నడువు. కాగితంలో లేని పైపు ఒక్కటైనా దొరుకుతుంది, పందెం.

థయోనిల్ క్లోరైడ్ వాడే బ్లాకుంటే దాని మీద కన్నేసి ఉంచు. రియాక్షన్‌లో హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ రెండూ వస్తాయి. వాటిని పట్టేది స్క్రబ్బర్‌లో, అంటే పొగని కడిగే టవర్‌లో, తిరిగే కాస్టిక్ సోడా నీళ్లే. బ్యాచ్ సాగేకొద్దీ కాస్టిక్ ఖర్చయి పీహెచ్ పడిపోతుంది. ఉప్పు పేరుకుని నాజిల్ మూసుకుపోతుంది. పంపు మాత్రం మోగుతూనే ఉంటుంది. అందుకే ప్రెషర్ చూడు, పీహెచ్ పేపర్ నువ్వే ముంచి చూడు. అదీ రాత్రి రెండింటికి. పగలు అందరూ బుద్ధిమంతులే.

నేను పనిచేసిన ఒక కంపెనీలో లాగ్‌బుక్ తిరగేస్తే నెలంతా పీహెచ్ 9.5. ఒకే పెన్ను, ఒకే రాత. ఆ నెలలో పంపు రెండు రోజులు రిపేరులో ఉంది, ఆ రోజుల్లో కూడా తొమ్మిదిన్నరే రాశాడు మహానుభావుడు! ఆపరేటర్‌ని చెడామడా తిట్టాను. తక్కువ రాస్తే సూపర్‌వైజర్ కేకలేస్తాడని భయపడి అలా రాశాడని తర్వాత తెలిసింది. పుస్తకంలో అబద్ధం రాయడం మేమే నేర్పామన్నమాట. నువ్వు తక్కువ రీడింగ్ రాసినవాణ్ని అందరి ముందూ మెచ్చుకో.

స్క్రబ్బర్ ఆగితే ఛార్జింగ్, అంటే రియాక్టర్‌లోకి సరుకు వెయ్యడం, ఆపించు. ప్రొడక్షన్ వాళ్లు "ఈ ఒక్క బ్యాచ్ సార్" అని బతిమాలతారు, వినకు. 1984 డిసెంబరులో భోపాల్‌లో గ్యాస్ వదిలిన రాత్రి స్క్రబ్బర్ స్టాండ్‌బైలో ఉంది, గ్యాస్‌ని కాల్చేసే ఫ్లేర్ పైపు విప్పేసి ఉంది, ట్యాంకు కూలింగ్ ఆపేసి ఉంది. అంతదూరం ఎందుకు, 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖ వెంకటాపురం మీద ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ ఆవిరి కమ్మినప్పుడు ఊరికి సైరన్ మోగలేదు. పన్నెండు మంది పోయారు. మీ సైరన్ నెలకోసారి మోగించి, ఊళ్లోకి వినపడుతోందో లేదో ఒక మనిషిని పంపి కనుక్కో.

పరిమితి మించి పొగ పోయినా, పోయేలా ఉన్నా వెంటనే పీసీబీకి చెప్పాలని 1981 వాయు చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. మేనేజర్‌ని ఒప్పించి ముందు నువ్వే ఫోన్ చెయ్యి, మెయిల్ కూడా పెట్టు. ఊరివాళ్లు ఫిర్యాదు చేసి, పీసీబీ వాళ్లు గేటు దగ్గరికొచ్చాక చెబితే ఎవడు నమ్ముతాడు?

ఏటా ఫారం 5 (పర్యావరణ నివేదిక) సెప్టెంబరు 30 లోపు పీసీబీకి పంపాలి. దానికి తెలివి అక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

దసరాకి వచ్చేటప్పుడు నీ లాగ్‌బుక్ పేజీలు నాలుగు ఫోటో తీసి తీసుకురా, చూస్తాను.

మీ మావయ్య