టెక్ సందేహాలు: పిల్లల టికెట్ మీద పెద్దలు వెళ్తే గేటుకు ఎలా తెలుస్తుంది?

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు పాఠకుల నుంచి ఫుట్‌బాల్ టికెట్ యాప్‌ల గురించి ఈ మధ్య వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం రాయితీ టికెట్ల చుట్టూనే తిరుగుతున్నందున ఈ వారం శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నాకూ, పన్నెండేళ్ల మా అబ్బాయికీ మాంచెస్టర్‌లో సీజన్ టికెట్లు ఉన్నాయి. వాడికి జ్వరం రావడంతో ఒక మ్యాచ్‌కు వాడి పాస్ మీద మా ఆఫీసు మిత్రుణ్ని తీసుకెళ్లాను. గేటు దగ్గర ఆపి వివరాలు రాసుకున్నారు. ఆ తర్వాత వాడి టికెట్‌ను నిలిపివేసినట్టు మెయిల్ వచ్చింది. క్లబ్బు యాప్ మా ఫోన్‌ను గమనిస్తోందా?

జవాబు: ఇందుకు ఫోన్‌ను గమనించాల్సిన అవసరమే వారికి లేదు. మిమ్మల్ని పట్టిచ్చింది టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరినే లోపలికి పంపే తిరుగుడు గేటు) దగ్గర వెలిగే చిన్న దీపమై ఉంటుంది. ఫోన్‌ను రీడర్‌కు ఆనించగానే ఫోన్‌లోని వాలెట్ యాప్‌లో ఉన్న పాస్ నుంచి ఒక గుర్తింపు సంఖ్య ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరగా ఆనిస్తే పనిచేసే వైర్‌లెస్ పద్ధతి) ద్వారా క్లబ్బు వ్యవస్థకు చేరుతుంది. ఆ సీటు ఈ మ్యాచ్‌కు చెల్లుతుందా, దాన్ని ఇప్పటికే ఎవరైనా వాడేశారా, ఏ ధర తరగతిలో అమ్ముడైంది అనే సంగతులను ఆ వ్యవస్థ క్షణంలో చూసుకుని గేటు తెరుస్తుంది. చాలా స్టేడియాల్లో పెద్దల టికెట్‌కు ఒక రంగు, రాయితీ టికెట్‌కు మరో రంగు వెలిగేలా అమరుస్తారు. అవతలి వైపు నిలబడిన సిబ్బంది వెలిగిన రంగునూ లోపలికి అడుగుపెట్టిన మనిషినీ కలిపి చూస్తే చాలు. జూనియర్ రంగు వెలిగినప్పుడు గడ్డం ఉన్న మనిషి లోపలికి వస్తే వేరే ఆధారం ఎందుకు?

మీ మిత్రుణ్ని నిబంధనలకు లోబడి తీసుకెళ్లే దారి చాలా క్లబ్బుల యాప్‌లలోనే ఉంటుంది. మ్యాచ్‌కు ముందు, క్లబ్బు పెట్టిన గడువులోగా, జూనియర్‌కూ పెద్దలకూ ఉన్న ధర తేడా చెల్లిస్తే ఆ ఒక్క మ్యాచ్‌కు టికెట్ పెద్దల తరగతికి మారుతుంది. ఆ తర్వాత దాన్ని మీ మిత్రుడి ఖాతాకు బదిలీ చేయవచ్చు. చిక్కల్లా ఆ గడువుతోనే వస్తుంది. మ్యాచ్‌కు ముందు రోజో, అంతకన్నా ముందో ఈ సదుపాయాన్ని మూసేస్తే ఆ రోజు ఉదయం పిల్లవాడికి జ్వరం వచ్చిన తండ్రికి రెండే దారులు మిగులుతాయి: సీటు ఖాళీగా వదిలేయడం, లేదా మీరు చేసిన పని చేయడం. ఆట మొదలయ్యే ముందు గంట వరకూ తేడా చెల్లించే బటన్‌ను తెరిచి ఉంచడం సాఫ్ట్‌వేర్‌పరంగా కష్టమైన పనేమీ కాదు. ఆ పని చేయకుండా తొలి తప్పుకే టికెట్ నిలిపివేసే క్లబ్బు తన బాధ్యతను మరిచిందని నా అభిప్రాయం. ఆ రోజు ధర తేడా ఎంతో లెక్కగట్టి చెల్లించడానికి సిద్ధమని, పిల్లవాడి ఖాతాలోని లాయల్టీ పాయింట్లను (క్రమం తప్పక వచ్చే అభిమానులకు క్లబ్బు ఇచ్చే పాయింట్లు) ముట్టుకోవద్దని మీరు రాతపూర్వకంగా కోరండి.

ప్రశ్న: లండన్‌లో మా స్నేహితులు కొందరు ఇండియాలో ఉన్న తల్లిదండ్రుల పేర్లతో, చంటిపిల్లల పేర్లతో సభ్యత్వాలు తీసుకుని, టికెట్ల లాటరీలో అన్ని ఖాతాల నుంచీ పాల్గొంటున్నారు. రాయితీ ధరకు వచ్చిన టికెట్లతో పెద్దలే వెళ్తున్నారు. మిగిలినవి వాట్సాప్ గ్రూపులో అమ్ముతున్నారు. క్లబ్బులు దీన్ని ఎలా పసిగడతాయి? పట్టుకుంటే ఎంత శిక్ష న్యాయం?

జవాబు: ముందు అమ్మకం సంగతి చెప్పాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టంలోని 166వ సెక్షన్ ప్రకారం ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్‌ను అనుమతి లేకుండా అమ్మడం నేరం. లాభానికి అమ్మితేనే నేరమన్న షరతు అందులో లేదు. ‘కొన్న ధరకే ఇచ్చాను’ అనే మాట అక్కడ చెల్లదు. వీసా మీద ఉన్నవారు ఈ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి.

ఇక పసిగట్టడం. సభ్యత్వ ఖాతాలో పుట్టిన తేదీని సాధారణంగా మనమే నింపుతాం కాబట్టి మోసానికి తలుపు అక్కడే తెరుచుకుంటుంది. ఆ తర్వాతి అడుగులన్నీ జాడ వదులుతాయి. ఒకే బ్యాంకు కార్డుతో పది ఖాతాలకు చెల్లింపులు జరగడం, ఒకే చిరునామాలో ఎనిమిది మంది వృద్ధులు ఉండటం, సీజనంతా ప్రతి జూనియర్ టికెట్ ప్రతిసారీ కొత్త ఫోన్ నుంచి గేటు దాటడం వంటివన్నీ డేటాబేస్‌లో ఒక్క ప్రశ్న వేస్తే బయటపడతాయి. అయితే ఇలాంటి గుర్తులే నిజాయితీపరులనూ బోనెక్కిస్తాయి. ఇద్దరు పిల్లల పాస్‌లను తన ఫోన్‌లోనే పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పంపి, చివర తాను వెళ్లే తల్లి కూడా ఆ లెక్కలో ‘ఒకే ఫోన్, మూడు టికెట్లు’గానే కనిపిస్తుంది. అద్దె ఇంట్లో కలిసి ఉంటున్న ఆరుగురు విద్యార్థుల చిరునామా ఒకటే, వారికోసం చెల్లించిన కార్డు కూడా ఒక్కోసారి ఒకటే. అందువల్ల యంత్రం అనుమానితుల జాబితా ఇవ్వడంతో ఆగాలి. ఖాతా మూసే నిర్ణయాన్ని ఒక మనిషి, ఖాతాదారు వివరణ విన్న తర్వాతే తీసుకోవాలి.

శిక్ష విషయంలో నేను అవసరాన్నీ వ్యాపారాన్నీ ఒకే గాటన కట్టను. పిల్లవాడు రాలేని రోజున మరొకరిని తీసుకెళ్లిన కుటుంబం నుంచి ధర తేడా వసూలు చేస్తే సరిపోతుంది. అది అలవాటుగా మారితే ఆ సీటుకు ఆ సీజన్‌లో రాయితీ తీసేయవచ్చు, సీటు మాత్రం వారికే ఉండాలి. లేని మనుషుల పేర్లతో ఖాతాలు తెరిచి టికెట్లు అమ్ముకునేవారి విషయంలో శాశ్వత నిషేధం కూడా నాకు ఎక్కువనిపించదు. ఎందుకంటే వారు తీసుకున్నది కేవలం కొన్ని పౌండ్ల తేడా మాత్రమే కాదు, లాటరీలో నిజమైన ఒక పిల్లవాడి వంతు కూడా. ప్రత్యర్థి మైదానాల్లో ఆడే మ్యాచ్‌లకు టికెట్లను తరచు లాయల్టీ పాయింట్ల వరుసలోనే ఇస్తారు గనుక, దొంగ ఖాతాలో పోగైన పాయింట్లు ఆ క్యూను కూడా కలుషితం చేస్తాయి.

దుర్వినియోగం పేరు చెప్పి రాయితీనే ఎత్తేయడం మాత్రం అన్యాయం. 2024 చివర్లో మాంచెస్టర్ యునైటెడ్ ఇంకా అమ్ముడుకాని సభ్యుల టికెట్లకు పిల్లలకూ వృద్ధులకూ తేడా లేకుండా 66 పౌండ్ల ధర పెట్టినప్పుడు అభిమాన సంఘాలు రోడ్డెక్కాయి. అక్కడ క్లబ్బు చూపిన కారణం ఆర్థిక భారమే అయినా, రాయితీ పోతే నష్టపోయేది ఎవరో ఆ ఉదంతంలో స్పష్టంగా కనిపించింది. దొంగ ఖాతా నడిపేవాడు అప్పటికే పెద్దవాడు. అతను పెద్దల ధర చెల్లించి వెళ్తాడు, పదేళ్ల పిల్లవాడు ఇంట్లో ఉండిపోతాడు.

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. గేటు దగ్గర ముఖాన్ని గుర్తించే కెమెరా పెడితే ఈ గొడవంతా తీరుతుంది కదా?

జవాబు: సాంకేతికంగా సాధ్యమే. డెన్మార్క్‌లోని బ్రాండ్‌బీ క్లబ్బు 2019 నుంచి ముఖ గుర్తింపు వాడుతోంది. కానీ దాన్ని నిషేధానికి గురైనవారిని గేటు దగ్గర ఆపడానికి పెట్టుకున్నారు, టికెట్ ధర తేడా పట్టుకోవడానికి కాదు. మనిషిని గుర్తించడానికి వాడే ముఖపు కొలతలకు బ్రిటన్ డేటా చట్టంలో ప్రత్యేక రక్షణ ఉంది. పైగా జూనియర్ టికెట్ల విషయంలో ఆ ముఖాలన్నీ పిల్లలవి. వారి ముఖం రెండు మూడేళ్లలో మారిపోతుంది కాబట్టి ప్రతి సీజన్ కొత్త ఫొటో అడగాల్సి వస్తుంది. ఒక రంగు దీపం, ఒక మనిషి చేయగలిగే పనికి వేలమంది పిల్లల బయోమెట్రిక్ వివరాలు నిల్వ చేయడం, తర్వాత వాటిని హ్యాకర్ల నుంచి కాపాడుకోవడం నాకు దండగ ఖర్చుగానే కనిపిస్తుంది. దివ్యాంగుల రాయితీకి, వారి సహాయకులకు ఇచ్చే ఉచిత టికెట్‌కు కెమెరా అసలే పనికిరాదు. చాలా వైకల్యాలు చూపుకు ఆనవు, గేటు దగ్గర ‘మీరు ఆరోగ్యంగానే ఉన్నారే’ అని నిలదీయడం 2010 నాటి ఈక్వాలిటీ చట్టం దృష్ట్యా కూడా క్లబ్బుకు చిక్కే.

ప్రశ్న: మా ఖాతాను ‘అనుమానాస్పద కార్యకలాపం’ అంటూ మూసేశారు. కారణం అడిగితే సమాధానం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ గురించి క్లబ్బు దగ్గర ఉన్న సమాచారం మొత్తం ఇవ్వమని మెయిల్ రాయండి. బ్రిటన్ డేటా చట్టం ప్రకారం సాధారణంగా ఒక నెలలోగా, రుసుము లేకుండా ఇవ్వాలి. గేటు దాటిన సమయాలు, బదిలీల చరిత్ర ప్రత్యేకంగా అడగండి, మీ వాదనకు పనికొచ్చేవి అవే.

ప్రశ్న: వేసవి తర్వాత మా నాన్నగారు గుంటూరు నుంచి వస్తున్నారు. వృద్ధుల రాయితీ టికెట్ కొందామనుకుంటే పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, పేరు ఒకచోట ఉన్నాయి. పైగా సర్టిఫికెట్‌లో వేసిన పుట్టిన తేదీ అసలుది కాదు. ఖాతాలో ఏది రాయాలి?

జవాబు: పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయండి, ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, పేరు గడిలో పేరు. బడిలో చేర్చేటప్పుడు మేష్టారు వేసిన తేదీలు మన పెద్దవాళ్లలో చాలామందికి ఉన్నాయి గానీ, గేటు దగ్గర ఆ కథ వినేవారు ఉండరు. ఆ క్లబ్బులో రాయితీ 65 ఏళ్లకు మొదలవుతుంటే, మీ నాన్నగారి అసలు వయసు 66 అయి పాస్‌పోర్టు లెక్కన 63 వస్తుంటే, ఈసారికి పెద్దల టికెట్టే కొనండి.