రెండు నక్షత్రాలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఎన్‌డీఏ, అదే జాతీయ రక్షణ అకాడమీ రాతపరీక్ష గట్టెక్కావనీ, ఆఫీసర్లను ఎంపికచేసే బెంగళూరు ఎస్‌ఎస్‌బీ బోర్డు నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిందనీ మీ అమ్మ చెప్పింది. ఆఫీసరుకూ మిగతావాళ్లకూ తేడా ఏమిటని నువ్వు అడిగిన మాటకు ఫోనులో సరిగా జవాబు చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అనంతపురంలో మన వీధివాళ్లు నన్ను ఇప్పటికీ ‘మిలిట్రీ ఆఫీసరు’ అనే పిలుస్తారు. నిజానికి నేను రిటైరైంది సుబేదారుగా, అది లెఫ్టినెంటు కంటే కింది హోదా. లెఫ్టినెంటు భుజం మీద రెండు నక్షత్రాలుంటాయి, నా భుజం మీదా రెండే ఉండేవి, కాకపోతే నా వాటి కింద ఒక చారల పట్టీ ఉండేది. సిపాయిగా చేరి ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి ఆ పట్టీ దాకా వచ్చిన నేను, పట్టీ లేని నక్షత్రాలతో ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఎదురుపడితే నిటారుగా నిలబడి సెల్యూట్ చేసేవాణ్ణి. విధేయత, ధైర్యం, నడవడికల మీద నమ్మకం ఉంచి రాష్ట్రపతి పేరిట అతనికిచ్చిన కమిషన్ పత్రానికే, అంటే ఆఫీసరుగా నియమించే పత్రానికే ఆ సెల్యూట్.

ఆ నమ్మకం ఎంత బరువో ఒకసారి కళ్లారా చూశాను. రాత్రి కవాతులో మా హవల్దారు పటం తప్పుగా చదవడంతో మా చిన్న దళం, అంటే ప్లటూన్, దారి తప్పి, తెల్లవారాక గానీ గమ్యం చేరలేదు. కమాండింగ్ ఆఫీసరు నిలదీసినప్పుడు మా లెఫ్టినెంటు హవల్దారు పేరు ఎత్తకుండా, “దారి నేనే సరిచూసుకోవలసింది” అని మాట పడ్డాడు. తరువాత తన బూట్లు విప్పుకోకముందే, వరుసగా కూర్చున్న జవాన్ల పాదాల ముందు గొంతుక్కూర్చుని, ఎవరికి బొబ్బలు లేచాయో ఒక్కొక్కరినీ చూశాడు. హవల్దారు మళ్లీ ఆ పొరపాటు చేయలేదు.

ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏలో 3 ఏళ్లు, డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీలో ఏడాది శిక్షణ పూర్తయి యూనిట్‌కు వెళ్లాక, నీ తండ్రి వయసు సుబేదారు నీ కింద పనిచేస్తాడు. ఆయనను ‘సాబ్’ అని పిలువు, ఆయన చెప్పేది చివరిదాకా విను, నిర్ణయం మాత్రం నువ్వే తీసుకో. అది బెడిసికొడితే ఆయన మీదికి నెట్టకు. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్ అని ఇప్పటినుంచే లెక్కలు వేసుకోవద్దు.

ఇక ఎస్‌ఎస్‌బీ సంగతి. రాతపరీక్షకు 900 మార్కులైతే దానికీ 900, పైగా మొదటిరోజే వడపోసి కొందరిని ఇంటికి పంపేస్తారు. మన ఎండలో పరుగులు తీసినవాడివి కనుక శరీరం గురించి నాకు దిగులు లేదు. కోచింగులో బట్టీపట్టిన జవాబుల గురించే దిగులు. గ్రౌండులో జట్టుగా దుంగ మోసేటప్పుడు గొంతు పెంచి అజమాయిషీ చేసేవాణ్ణి కాక, వెనకబడినవాడి వైపు చేయి చాచేవాణ్ణి వాళ్లు గమనిస్తారు. ఇంటర్వ్యూలో నాన్న అంగడి గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు.

అసలు సర్టిఫికెట్లన్నీ ఒకే ఫైలులో పెట్టుకో. అనంతపురం స్టేషనుకు నేనూ వస్తాను.

మీ మామయ్య