బ్రేకు పెడల్: వదులా, శిథిలమా?

సందేహం: మా ఇంట్లో విల్లీస్ నమూనాలో మహీంద్రా వారు తయారుచేసిన పాత సీజే-3బి జీపు ఉంది. దాని బ్రేకు పెడల్ లూజయింది. బాగుచేసే పద్ధతిని తెలుగులో రాస్తూ ‘పెడల్ శిథిలమైనప్పుడు’ అని మొదలుపెట్టాను. మిత్రుడొకరు తప్పన్నారు. నిఘంటువులో చూస్తే శిథిలమంటే వదులు అనే ఉంది. ‘లూజు’ అని రాయడానికి మనసొప్పడం లేదు. ఏది సరి?

సమాధానం: నిఘంటువు చెప్పింది నిజమే. సంస్కృతంలో ‘శిథిల’ అంటే సడలినది, వదులైనది. తెలుగులో మాత్రం ఆ అర్థం వెనక్కి పోయింది. శిథిలమనగానే మనకు కూలిన కోటగోడ, పాడుబడ్డ గుడి గుర్తుకొస్తాయి. మీ వాక్యం చదివినవారు పెడల్ తుప్పుపట్టి విరిగిపోయిందనుకుంటారు. మీ మిత్రుడి మాటే సరైనది. ‘వదులైంది’ అని రాయండి. ‘లూజు’ కూడా తెలుగులో స్థిరపడిన మాటే, దాన్ని వెలివేయనక్కరలేదు. ‘వదిలింది’ అని మాత్రం రాయకండి. ‘బ్రేకు వదిలింది’ అంటే పట్టు విడిచిందనే అర్థం వస్తుంది.

అయితే మీ రాతకు అసలు చిక్కు ఈ రెండు మాటల మధ్య లేదు. లూజన్నా వదులన్నా, ఒకే మాట కింద మూడు వేర్వేరు లోపాలు దాక్కుంటున్నాయి. మన మెకానిక్కులు వాటిని చక్కగా విడదీసి చెబుతారు. మీరూ అదే దారిలో వెళ్లండి.

మొదటిది పెడల్ పక్కలకు ఆడటం. ఈ జీపుల్లో పెడల్ పైనుంచి వేలాడదు. నేల రేకులోంచి పైకి వస్తుంది, కింద చాసిస్ దగ్గర ఉన్న షాఫ్టు మీద తిరుగుతుంది. బురద, నీరు నేరుగా తగిలే చోటది. గ్రీజు ఎండిపోతే బుష్షు (షాఫ్టుకూ పెడల్‌కూ మధ్య ఉండే తొడుగు) అరిగి, పెడల్ పక్కలకు కదులుతుంది. దీనికి ‘పెడల్ ఆడుతోంది’ అన్నది అచ్చమైన పలుకుబడి. ‘వదులైంది’ అన్నా ఇక్కడ సరిపోతుంది. బుష్షు మార్చి గ్రీజు పెట్టాలి.

రెండోది ‘ప్లే’. చేత్తో నొక్కితే మాస్టర్ సిలిండర్ (బ్రేకాయిలును చక్రాల వైపు నెట్టే భాగం) మీద ఒత్తిడి మొదలయ్యేలోపు పెడల్ కొంత దూరం ఊరికే దిగుతుంది. దీన్ని వదులు అనకండి. ఈ జీపుల్లో సుమారు అర అంగుళం ప్లే ఉండి తీరాలి. మీరు ‘వదులు’ అని రాస్తే చదివినవారు అది పూర్తిగా పోయేదాకా బిగిస్తారు. అప్పుడు కాలు తీసినా బ్రేకాయిలు వెనక్కి వెళ్లే రంధ్రం తెరుచుకోదు. బ్రేకు షూలు చక్రాలతో తిరిగే డ్రమ్ములను పట్టుకునే ఉంటాయి, చక్రాలు వేడెక్కుతాయి. ప్రమాదానికి దారితీసే మాట కనుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ‘ప్లే ఎక్కువైంది’ అని రాసి, ఎంత ఉండాలో పక్కనే చెప్పండి.

ప్లే సరిచేసే పద్ధతి రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. మాస్టర్ సిలిండర్‌ను నెట్టే కడ్డీకి, దాని పొడవు మారకుండా పట్టి ఉంచే లాకు నట్టు ఉంటుంది. దాన్ని కొద్దిగా తిప్పి వదులు చేయాలి, కడ్డీ పొడవు సరిచూసి మళ్లీ బిగించాలి. ఇక్కడ ‘నట్టు విప్పి’ అని రాస్తే పూర్తిగా ఊడదీయమని అర్థం. మరమ్మతు పుస్తకాల అనువాదాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టే తప్పు ఇదే. వదులు చేయడం వేరు, విప్పడం వేరు. మన భాషలో ఇంత స్పష్టమైన తేడా ఉండగా రెంటినీ కలిపేయడం అన్యాయం.

ఇక మూడోది. కాలితో తొక్కిపట్టినప్పుడు పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పోయి ఉండవచ్చు, లేదా ఎక్కడో బ్రేకాయిలు కారుతూ ఉండవచ్చు. ఇక్కడ నట్లు బిగించి లాభం లేదు. (ప్లే పరీక్షకు ‘నొక్కడం’, దీనికి ‘తొక్కడం’ అని రాశాను చూడండి. ఒకటి చేతి పని, ఒకటి కాలి పని. మీరూ ఆ తేడా పాటించండి.) ‘పెడల్ దిగిపోతోంది’ అని రాసి, బాగుచేసేదాకా బండి తీయవద్దని ఆ వాక్యం వెంటనే చేర్చండి.